పుట్టినింటికి చేరిన ఇనుప ఓడ

మనుష్యుడు నిర్మించు వస్తువులలో ఓడకు ఆయువు తక్కువ. దేవాలయము వేయేండ్లు నిలుచును. ఆనకట్ట తరతరములకు నీరందించును. పెంకుటిల్లు సయితము మూడు నాలుగు తరముల వారిని చూచును. ఓడ సంగతి అట్లు కాదు. నడి సముద్రమున తుఫానునకు చిక్కి మునిగిపోవును. లేదా ముసలిదైన పిమ్మట విరుగగొట్టువారి చేతబడి పాత ఇనుము వెలకు అమ్ముడుపోవును. ఒకనాడు లోకమంతట పేరు మ్రోగిన మహానౌకలలో నేడు మనము చేతితో తాకి చూడగలిగినవి బహు కొద్ది.

ఆ కొద్దివాటిలో ఒకటి ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున నున్న ‘గ్రేట్ బ్రిటన్’ అను పొగయోడ. 1843లో అది నీటిపై తేలినది. 1937లో భూగోళపు దక్షిణపు కొసన, జనసంచారము లేని యొక పాయలో, పనికిరానిదని విడువబడినది. 1970లో తాను పుట్టిన గోతిలోనికే మరల వచ్చి చేరినది. దీని కథలో శాస్త్రమున్నది, వర్తకమున్నది, వలసపోయిన వేలమంది ఆశాభయములున్నవి. అన్నిటికి మించి, పాత వస్తువును కాపాడుట యనగా నేమి అను ప్రశ్న యున్నది.

రైలుదారి చివర ఓడ

బ్రిస్టల్ ఇంగ్లండు పడమటి వైపున ఏవన్ నదిపై వెలసిన పాత రేవుపట్టణము. లండను నుండి అచటికి రైలుమార్గము వేయుటకు 1833లో ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రునెల్ అను ఇంజనీరు నియమితుడైనాడు. అప్పటికి ఆయన ముప్పది యేండ్లు నిండని యువకుడు. 1835లో కంపెనీ పెద్దల సమావేశమున ఒకరు, ఇంత దూరము రైలు నడుచునా అని సందేహింపగా, దానిని ఇంకను పొడిగించి ఓడ రూపమున న్యూయార్కు వరకు నడుపరాదా అని బ్రునెల్ అడిగినాడట. నవ్వుటకు అన్నమాటో, నిజముగా అన్నమాటో గాని, ఆ మాట నుండి ఒక ఓడల కంపెనీ పుట్టినది.

ఆనాడు అట్లాంటిక్ మహాసముద్రమును ఆవిరి బలముతో దాటుట అసాధ్యమని వాదించిన పండితులున్నారు. ఓడ పెద్దదైనకొలది ఎక్కువ బొగ్గు కాలును. ఎక్కువ బొగ్గు మోయుటకు ఇంకను పెద్ద ఓడ కావలెను. ఈ లెక్కకు అంతు లేదని వారి తర్కము. బ్రునెల్ ఆ తర్కములోని లోపమును పట్టుకొనినాడు. ఒక ఓడ పొడవు, వెడల్పు, లోతు మూడింటిని రెండింతలు చేసితిమనుకొనుడు. దానిలో పట్టు సరకు ఎనిమిదింతలగును. కాని నీటిని చీల్చుకొని పోవునపుడు ఎదురగు నిరోధము సుమారు నాలుగింతలే యగును. అనగా ఓడ పెద్దదైనకొలది బొగ్గు కొరత తగ్గునే గాని పెరుగదు. పాఠశాలలో మనము నేర్చుకొను వర్గము, ఘనము అను రెండు మాటలలో మహాసముద్రమును దాటు రహస్యమున్నది. 1838లో ఆయన కట్టించిన ‘గ్రేట్ వెస్టర్న్’ అను కొయ్య ఓడ న్యూయార్కు చేరునప్పటికి దాని కొట్టులో బొగ్గు ఇంకను మిగిలియే యున్నది.

ఇనుము, తిరుగు రెక్కలు

రెండవ ఓడను ఇంకను పెద్దదిగా కట్టవలెనని కంపెనీ నిశ్చయించినది. అంత పొడవైన ఓడను కొయ్యతో కట్టినచో అలలపై వంగి విరుగును. ఆ సమయమున ‘రెయిన్‌బో’ అను చిన్న ఇనుప ఓడ బ్రిస్టల్ రేవునకు వచ్చినది. దానిని పరీక్షింపించిన పిదప బ్రునెల్ కొయ్యను విడిచి ఇనుమును చేపట్టినాడు.

1839 జూలైలో పని ప్రారంభమైనది. నీటి అంచున పెద్ద గొయ్యి త్రవ్వి, రాతితో కట్టి, తలుపు మూసి నీరు తోడివేసి, ఆ పొడినేలపై ఓడను కట్టుదురు. కట్టుట ముగిసిన పిదప నీరు వదలినచో ఓడ తనంతట తేలును. దీనినే డ్రై డాక్ అందురు. ఈ ఓడ కొరకే ప్రత్యేకముగా అట్టి డాక్ ఒకటి నిర్మింపబడినది. ఇనుప రేకులను పెంకుల వలె ఒకదాని అంచుపై ఒకటి పరచి, ఎఱ్ఱగా కాల్చిన రివెట్లతో బిగించినారు. ఒకచోట చిల్లి పడినను ఓడ అంతయు నీటితో నిండకుండ లోపల అడ్డుగోడలు నిర్మించినారు.

మొదటి ఆలోచన ప్రకారము ఓడకు రెండు ప్రక్కల పెద్ద తెడ్డుచక్రములు ఉండవలసినది. వాటిని త్రిప్పు ఇరుసు ఎంత లావుగా నుండవలెననగా, దానిని సాగగొట్టగల సుత్తి ఆనాడు ఏ కర్మశాలలోను లేకపోయినది. ఆ చిక్కు తన వద్దకు రాగా జేమ్స్ నాస్మిత్ అను ఇంజనీరు ఆవిరితో పనిచేయు సుత్తికి నమూనా గీసినాడు. ఇంతలో 1840లో ‘ఆర్కిమిడీస్’ అను ఓడ బ్రిస్టల్ వచ్చినది. దానికి తెడ్డుచక్రములు లేవు. నీటి అడుగున, వెనుక భాగమున, పంకా రెక్కల వలె తిరుగు ప్రొపెల్లరు ఉన్నది. బ్రునెల్ ఆ ఓడను అద్దెకు తీసికొని కొన్ని నెలలు పరీక్షించి, సగము కట్టిన తన ఓడ స్వరూపమునే మార్చివేసినాడు. లావుపాటి ఇరుసు అవసరము తీరిపోయినది. కాని దాని కొరకు ఊహించిన ఆవిరి సుత్తి మాత్రము లోకమునకు మిగిలి, తరువాతి కాలమున కర్మశాలలకు గొప్ప సాధనమైనది.

ఇంజనులు నెమ్మదిగా తిరుగును. ప్రొపెల్లరు వేగముగా తిరుగవలెను. అందుచేత పెద్ద చక్రము నుండి చిన్న చక్రమునకు బరువైన గొలుసులు వేసి వేగమును సుమారు మూడింతలు చేసినారు. మన సైకిలు గొలుసులో నున్న సూత్రమే ఇది. ఓడ పొడవు 322 అడుగులు. ఇంజనుల బలము 1000 అశ్వశక్తి. గాలిని సయితము వినియోగించుకొనుటకు ఆరు తెరచాప స్తంభములు. ఆనాటి ప్రపంచమున అంత పెద్ద ఓడ లేదు. ఇనుప దేహము, ప్రొపెల్లరు, మహాసముద్ర ప్రయాణము - ఈ మూడును ఒక పెద్ద ఓడలో కలియుట అదే మొదలు.

1843 జూలై 19న విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ యువరాజు బ్రునెల్ వేసిన రైలుమార్గము మీదనే బ్రిస్టల్ వచ్చి, ఓడను నీటిపైకి వదలు ఉత్సవమును జరిపినాడు. కాని రేవు లాకు తలుపులు ఓడ పొట్టకు ఇరుకైనవి. వాటి అంచు రాళ్లు తీయించి, 1844 డిసెంబరులో ఒక రాత్రి పోటు మీద గాని ఓడ బయటపడలేదు. పుట్టిన ఊరిలోనే అది 17 నెలలు బందీగా గడపినది.

ఇసుకలో ఏడాది

1845 జూలై 26న లివర్‌పూల్ నుండి బయలుదేరి 14 దినముల 21 గంటలలో న్యూయార్కు చేరినది. కీర్తి వచ్చినది గాని కాలము కలిసిరాలేదు. 1846 సెప్టెంబరు 22 రాత్రి, 180 మంది ప్రయాణికులతో పోవుచు, కెప్టెన్ దారి తప్పుటచే ఐర్లండులోని డన్‌డ్రమ్ అఖాతమున ఇసుక మేటపైకి ఎక్కినది. ప్రాణనష్టము కలుగలేదు. ఓడ మాత్రము కదలలేదు.

అది కొయ్య ఓడయైనచో ఆ శీతకాలపు తుఫానులకు ముక్కలై పోయెడిది. డిసెంబరులో బ్రునెల్ స్వయముగా వచ్చి చూచి, ఓడ గట్టిగా నుండియు దిక్కులేనిదిగా పడియుండుట కాంచి మండిపడినాడు. చితుకుల మోపులను వేలకొలది తెప్పించి, వాటిని గొలుసులతో బిగించి, అలల తాకిడికి ఎదురుగా గోడవలె కట్టించినాడు. 1847 ఆగస్టు 27న, అనగా పదునొకండు నెలలకు పిమ్మట, ఓడ మరల నీటిపై తేలినది. ఇనుప ఓడ బలమెంతటిదో ఏ పరీక్షశాలయు చూపలేనంత చక్కగా ఆ ఇసుక మేట చూపినది. కాని ఆ పరీక్ష వ్యయమును భరింపలేక కంపెనీ చితికిపోయినది. సుమారు 1,17,000 పౌనులతో కట్టిన ఓడ 1850లో 25,000 పౌనులకు చేయి మారినది. కీర్తి ఇనుమునకు దక్కినది. నష్టము కంపెనీకి దక్కినది.

వలస జనుల ఓడ

మనము చరిత్రలో చదువు గొప్పతనము సాధారణముగా మొదటి ప్రయాణముతోనే ముగియును. ఈ ఓడ నిజమైన జీవితము మాత్రము ఆ నష్టము తరువాతనే ప్రారంభమైనది. 1851లో ఆస్ట్రేలియాలో బంగారము బయటపడినది. క్రొత్త యజమానులు ఓడకు క్రొత్త ఇంజను పెట్టి, మరికొందరు ప్రయాణికులకు చోటు కల్పించి, 1852 ఆగస్టు 21న 630 మందితో మెల్‌బోర్న్‌కు పంపినారు. పోవునపుడు ఆఫ్రికా కొసను చుట్టి, వచ్చునపుడు దక్షిణ అమెరికా కొసను చుట్టి వచ్చుటచే ప్రతి రాకపోకయు ఒక భూప్రదక్షిణమైనది. అట్టి ప్రదక్షిణములు 32 జరిగినవి. మొత్తము మీద అది తిరిగిన దూరము సుమారు 10 లక్షల మైళ్లు.

ఒక్కొక్క పయనమునకు ఇంచుమించు రెండు నెలలు పట్టెడిది. పై తరగతివారికి విశాలమైన భోజనశాల. క్రింది తరగతివారికి బల్లచెక్కల పడకలు, ఊపిరాడని ఇరుకు. తాజా మాంసమునకు, పాలకు ఓడపై గొఱ్ఱెలు, కోళ్లు, ఆవు కూడ పయనించెడివి. ఆ ప్రయాణికులలో కొందరు వ్రాసికొనిన దినచర్యలు నేటికిని బ్రిస్టల్‌లో భద్రముగా నున్నవి. ఆంటనీ ట్రోలప్ అను ప్రసిద్ధ నవలాకారుడు 1871లో ఈ ఓడపై ఆస్ట్రేలియా పోవుచు, దారిలోనే ‘లేడీ అన్నా’ అను నవలను పూర్తిచేసినాడు. ఆస్ట్రేలియాలో ఆడుటకు మొట్టమొదట వెళ్లిన ఇంగ్లండు క్రికెట్ జట్టు 1861లో ఎక్కినది కూడ ఈ ఓడనే. నేడు మన పిల్లలు రేడియోలోను టెలివిజన్‌లోను ఆత్రముగా వినుచు చూచుచున్న ఆ రెండు దేశముల పోటీలకు మొదటి అడుగు ఈ ఓడ మెట్లపైనే పడినది.

మన దేశ చరిత్రతోను ఈ ఓడకు ఒక ముడి యున్నది. క్రిమియా యుద్ధమునకు సైనికులను మోసిన పిదప, 1857లో మన దేశమున చెలరేగిన తిరుగుబాటును అణచుటకు ఐర్లండులోని కార్క్ రేవు నుండి ఆశ్వికదళములను ఎక్కించుకొని ఇది బొంబాయి చేరినది. ఒకే ఓడ కొందరికి క్రొత్త బ్రదుకును చేరవేసినది. మరికొందరిపై అధికారపు బరువును మోసికొని వచ్చినది. ఓడను కాపాడువారు దాని కీర్తిని మాత్రమేగాక ఈ బరువును కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

1854 నుండి ఈ ఓడను నడిపిన కెప్టెన్ జాన్ గ్రే ప్రయాణికుల అభిమానమును చూరగొనినవాడు. 1872 నవంబరులో, మెల్‌బోర్న్ నుండి ఇంటికి తిరిగివచ్చు దారిలో, ఆయన ఒక రాత్రి ఓడ నుండి అదృశ్యుడైనాడు. ఆయన ఏమైనదియు తెలియరాలేదు.

దక్షిణ సముద్రమున వృద్ధాప్యము

1876 నాటికి ఇంతకన్న మేలైన ఓడలు వచ్చినవి. 1882లో ఇంజనులను పీకివేసి దీనిని తెరచాప ఓడగా మార్చి, బొగ్గు మోయుటకు వినియోగించినారు. ఆవిరియుగమునకు దారిచూపిన ఓడ అన్యుల బాయిలర్లకు బొగ్గు మోయునదైనది. 1886లో కేప్ హార్న్ దగ్గర తుఫానుకు దెబ్బతిని, దక్షిణ అమెరికా కొసకు తూర్పున సుమారు 300 మైళ్ల దూరమునున్న ఫాక్‌లాండు దీవులలో తలదాచుకొనినది. మరమ్మతు చేయుటకగు వ్యయము ఓడ వెలను మించినది. కావున అచటనే అమ్ముడుపోయి, స్టాన్లీ రేవున నీటిపై తేలు గిడ్డంగిగా మారినది. దాదాపు అర్ధశతాబ్దము దాని కడుపులో ఉన్ని మూటలు, బొగ్గు నిలువచేసినారు.

1930ల నాటికి గిడ్డంగిగా కూడ పనికిరాదయ్యెను. బాగుచేయుదమను ఆలోచన వచ్చి, వ్యయమునకు వెరచి విరమింపబడినది. 1937లో రేవునకు మూడు మైళ్లకు పైగా దూరమునున్న స్పారో కోవ్ అను పాయకు లాగికొనిపోయి, అడుగున చిల్లులు పొడిచి, లోతులేని నీటిలో కూర్చుండబెట్టినారు. కాలక్రమమున ఒక ప్రక్కను నిలువున పెద్ద పగులు ఏర్పడినది. లోపల గుల్లలు పెరిగినవి.

ఇచట ఆలోచింపదగిన విషయమొకటి కలదు. బ్రునెల్ నిర్మించిన మహానౌకలు మూడు. మొదటి ‘గ్రేట్ వెస్టర్న్’ను 1850లలోనే విరుగగొట్టినారు. మూడవదగు ‘గ్రేట్ ఈస్టర్న్’ దీనికన్న ఎన్నో రెట్లు పెద్దది. దానిని కూడ 1889-90లలో ముక్కలు చేసి అమ్మినారు. అవి రేవుల దగ్గర, పాత ఇనుము కొను వర్తకుల కంటి ముందర ముసలివైనవి. ‘గ్రేట్ బ్రిటన్’ మాత్రము ఏ వర్తకునకును అందని దూరమున పడియుండినది. దానిని తెచ్చుటకగు ఖర్చు దాని ఇనుము వెలకన్న ఎక్కువ. ఎవరికిని అక్కరలేకపోవుటయే దానికి రక్షయైనది.

ఒక ఉత్తరము

1967 నవంబరులో లండనులోని ‘టైమ్స్’ పత్రికలో ఒక చిన్న ఉత్తరము వెలువడినది. వ్రాసినవాడు ఇవన్ కార్లెట్ అను ఓడల నిర్మాణశాస్త్రజ్ఞుడు. చరిత్రలో ఇంతటి స్థానము గల ఓడను తీసికొనివచ్చుటయో, కనీసము దాని స్వరూపమును సంపూర్ణముగా రికార్డు చేయుటయో జరుగవలెనని దాని సారాంశము. ఉత్తరమును చదివినవారిలో కొందరు కదలినారు. 1968లో కార్లెట్ స్వయముగా ఆ దీవులకు పోయి, ఓడ అణువణువు పరిశీలించి, ఇనుము ఇంకను ప్రయాణమునకు తట్టుకొనగలదని తేల్చినాడు. అయితే పగులు పెరుగుచున్నది; ఆలస్యమైనచో ఓడ రెండుగా విరుగును. జాక్ హేవర్డ్ అను ధనికుడు 1,50,000 పౌనులు విరాళమిచ్చినాడు.

1970లో నీటిలో మునిగి లేవగల పెద్ద పాంటూన్ ఒకటి స్పారో కోవ్ చేరినది. మునుగు ఈతగాండ్రు అడుగు చిల్లులను మూసినారు. ప్రక్క పగులును పూడ్చుటకు స్టాన్లీ పట్టణవాసులు తమ యిండ్లలోని పాత పరుపులను తెచ్చి యిచ్చినారు. నీరు తోడగా ఓడ తేలినది. దాని క్రిందికి పాంటూన్‌ను ముంచి జరిపి, మరల పైకెత్తి, ఓడను దానిపై నిలిపి, ఒక టగ్గు ఓడకు కట్టి ఏప్రిల్ నెలలో బయలుదేరదీసినారు. సుమారు 8 వేల మైళ్ల అట్లాంటిక్ ప్రయాణము. జూన్ నెలలో బ్రిస్టల్ దాపునకు చేరినది.

జూలై 5న పాంటూన్ లేకయే, తన ఇనుపదేహముతో తాను తేలుచు, ‘గ్రేట్ బ్రిటన్’ ఏవన్ నదిలోనికి ప్రవేశించినది. సుమారు లక్షమంది నది ఒడ్డున గుమిగూడినారు. ఆ నదిపై ఎత్తున క్లిఫ్టన్ వ్రేలాడు వంతెన యున్నది. దానికి రూపకల్పన చేసినవాడును బ్రునెలే. కాని ఆయన 1859లో మరణించిన పిదప 1864లో గాని అది పూర్తికాలేదు. 1844లో ఓడ వెడలినపుడు ఆ వంతెన లేదు. ఒకే మనస్సులో పుట్టిన రెండు కట్టడములు ఆనాడు మొదటిసారి ఒకదానినొకటి కలిసికొనినవి. చాలినంత పోటు కొరకు వేచియుండి, జూలై 19న, సరిగా 127 ఏండ్ల క్రిందట తాను తేలిన తేదీననే, ఓడ తన పాత డ్రై డాక్‌లోనికి చేరినది.

తుప్పుతో పోరు

కథ ఇచట ముగిసినదని అనేకులు తలంచిరి. ఆరు స్తంభములు మరల నిలిపినారు. పొగగొట్టము, భోజనశాల, గదులు 1840ల నాటి రూపమున క్రొత్తగా నిర్మించినారు. పాత ఇంజనుకు నమూనా చేసి పెట్టినారు. చూపరులు వేలకొలది వచ్చినారు. కాని 1998 ప్రాంతమున జరిపిన పరిశోధనలో కలతపెట్టు సత్యము బయటపడినది. పైకి మెరయుచున్న ఓడ లోలోపల కరుగుచున్నది. అట్లే విడిచినచో దాదాపు 25 ఏండ్లలో అది నిలువలేదు.

కారణము ఉప్పు. సముద్రతీరపు ఊళ్లలో కిటికీ చువ్వలు ఎంత త్వరగా తుప్పుపట్టునో మనము చూచుచున్నాము. ఈ ఓడ ఇనుము నూరేండ్లకు పైగా ఉప్పునీటిలో నానినది. ఆ ఉప్పులోని క్లోరైడులు ఇనుము లోతులలోనికి ఇంకిపోయినవి. కడిగినను, రంగు పూసినను అవి పోవు. గాలిలోని తేమను అవి తమవైపు లాగికొని తుప్పును రేపుచుండును. నీటిలో లేకపోయినను, డాక్ లోని చెమ్మగాలియే ఓడకు సముద్రమైనది.

శాస్త్రజ్ఞులు కనుగొనిన మందు ఒక్కటే. ఉప్పును తీయలేనప్పుడు తేమను తీయవలెను. గాలిలో సాపేక్ష ఆర్ద్రత నూటికి 20 వంతుల దాపునకు తగ్గినచో ఆ తుప్పు ఆగిపోవును. బ్రిస్టల్ వంటి వానల ఊరిలో అట్టి ఎడారిగాలి ఎట్లు వచ్చును? ఓడ నీటిపై తేలునపుడు నీటిమట్టము ఎచట నుండునో అచట, ఓడకును డాక్ గోడలకును నడుమ, చుట్టును గాజుపలకలు పరచినారు. గాజుపై పలుచగా నీరు నింపినారు. దూరము నుండి చూచువారికి ఓడ నీటిపై తేలుచున్నట్లు తోచును. గాజు క్రింద మాత్రము మూసిన గదివంటి స్థలమున తేమను పీల్చు యంత్రములు రాత్రింబవళ్లు పొడిగాలిని ఇనుముపై ప్రసరింపజేయుచుండును. 2005లో ఈ ఏర్పాటు పూర్తియైనది. మరుసటి సంవత్సరము ఈ ఓడకు బ్రిటనులో ప్రదర్శనశాలల కిచ్చు గుల్బెంకియన్ బహుమానము లభించినది.

ఆ గాజు క్రిందికి దిగి చూచువారికి పైనున్న శోభ కనిపించదు. చిల్లులు పడిన రేకులు, అరిగిన రివెట్లు, కాలము తిన్న అంచులు కనిపించును. వాటిని క్రొత్త రేకులతో కప్పినచో ఓడ అందముగా నుండెడిది. కాని 1843లో బ్రిస్టల్ పనివాండ్రు బిగించిన ఇనుము మన కంటికి దూరమైయుండెడిది. పైభాగమున ఓడ ఎట్లుండెడిదో చూపినారు. క్రిందిభాగమున ఓడకు ఏమి జరిగినదో దాచక విడిచినారు. ఈ రెండింటికిని గల భేదమును గుర్తెరిగి నిలుపుటయే పరిరక్షణలోని నిజాయితీ.

ఈ ఓడ మరల సముద్రము మీదికి పోదు. నీటి కొరకు పుట్టినది నేడు తేమ తగులకుండుటచేతనే బ్రదుకుచున్నది. ఇసుక మేటపై చితుకుల మోపులు, ప్రక్క పగులున పాత పరుపులు, పత్రికలో ఒక ఉత్తరము, నేడు గాజు క్రింద పొడిగాలి - ఒక్కొక్క కాలమున ఒక్కొక్కటి దానిని కాపాడినవి. వానిలో ఏదియు శాశ్వతమైనది కాదు. ఆ యంత్రములు నిలిచిపోయి తేమ మరల చేరెనా, తుప్పు తన పనిని తిరిగి ప్రారంభించును. కావున ‘గ్రేట్ బ్రిటన్’ను 1970లో కాపాడినారనుట సరికాదు. నాటి నుండి దినదినము కాపాడుచున్నారనుటయే సరియైన మాట.